పసుపు బోర్డు మీది నంబరు

మా వరి కయ్యల గట్టున పసుపు పచ్చ బోర్డు ఒకటి ఉంది. పైన హెచ్చరిక అని ఎర్రటి అక్షరాలు, మధ్యలో పార బొమ్మ, ఆ పార మీద అడ్డగీత, అడుగున ఒక ఫోన్ నంబరు. పేరు లేదు. ఏదైనా జరిగితే ఆ నంబరుకే చెప్పాలి. ఇంకెవరికి చెప్పినా, "బోర్డు మీద నంబరుకి చేసినారా?" అని అడిగి ఫోన్ పెట్టేస్తారు. వాకాడు దారిలో సముద్రపు గాలి తగిలే ప్రతి పొలంలోనూ, రొయ్యల గుంటల పక్కనా, చివరికి శ్మశానం మలుపులో కూడా అదే బోర్డు, అదే నంబరు. శ్మశానంలో ఉన్నవాళ్ళు ఎవరికి ఫోన్ చేస్తారని మా చిన్నాన్న అడిగేవాడు.

పోయిన వారం నేను ఆ నంబరుకు ఫోన్ చేశాను. మా కయ్యలో నిలిచిన నీటి మీద బుడగలు లేస్తున్నాయి. అక్కడొకటి ఇక్కడొకటి కాదు, తాడు పట్టి నాటినట్టు ఒకే వరసలో, ఎవరో అడుగున వెల్లకిలా పడుకుని ఊపిరి వదులుతున్నట్టు. ఆ కయ్య కింద గ్యాస్ గొట్టం ఉంది. అవతలి గట్టున దమ్ము చేయడానికి ట్రాక్టర్ మస్తానయ్య ఇనుప చక్రాలు బిగించుకుంటున్నాడు. ఆ ట్రాక్టర్ సైలెన్సర్ నుంచి నిప్పురవ్వలు పడడం మా ఊళ్ళో అందరూ చూసిందే.

మొదటి రింగుకే ఎత్తారు. ఆడమనిషి గొంతు.

"చెప్పండి."

"పాయింటన్న లేడామ్మా?"

"లేరు. పోయినారు. మూడు నెలలు దాటింది." ఆ గొంతు అక్కడ ఆగలేదు. "మీరు చెప్పండి. ముందు గాలి ఎటు కొడతా ఉందో చెప్పండి."

ఆయన పోయాడన్న మాట మొదటి ముక్కకు నా చెవిలో దూరలేదు. ఆయన అడగాల్సిన ప్రశ్న ఇంకొకరి నోట విన్నాకే దూరింది.

ఆ కయ్య ఏమైందో చెబుతాను. అయితే ఆ మనిషి ఎవరో ముందు చెప్పకపోతే, చచ్చిపోయినాయన నంబరుకు ఇన్ని ఊళ్ళవాళ్ళు ఎందుకు ఫోన్ చేస్తున్నారో మీకు అర్థం కాదు.

*

కంపెనీ వాళ్ళు ఆయన ఉద్యోగానికి పెట్టిన పేరు సింగిల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్. మా ఊరి నోటికి అంత పేరు పట్టలేదు. నడిమి ముక్క కొరికి మిగిలింది ఉమ్మేసింది. పాయింటన్న అయ్యాడు. సముద్రం ఒడ్డు నుంచి తడ దగ్గరి ఫ్యాక్టరీలకు గ్యాస్ మోసుకుపోయే ఆ గొట్టం మా పొలాల కింద నుంచి పోతుంది. గొట్టం గురించి ఊళ్ళవాళ్ళు కంపెనీతో ఏం మాట్లాడినా, కంపెనీ ఊళ్ళతో ఏం మాట్లాడినా ఆయన నోట్లోంచే పోవాలి. ఇంకో దారి లేదు.

మొదట్లో దారులు చాలా ఉండేవి. ఒక ఇంజనీరు కయ్యల్లో నిలిచే నీళ్ళు పోవడానికి తూము కట్టిస్తానన్నాడు. రెండో ఇంజనీరు తూమనే మాటే వినలేదన్నాడు. మూడో ఆయన పాపం ఏమీ అనలేదు, కానీ ఊరివాళ్ళు ఆయన్నే పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టి తలుపేశారు. టీ, మసాలా వడ, చేపల పులుసు, పడుకోవడానికి కొత్త చాప, విసరడానికి ఒక మనిషి. నా పెళ్ళిలో నాకు అంత మర్యాద జరగలేదు. కంపెనీ మాత్రం దానికి కిడ్నాప్ అని పేరు పెట్టి, ఆ మర్నాటి నుంచి ఒకే నోటిని నియమించింది.

ఆ నోటిని గూడూరు నిమ్మకాయల మార్కెట్‌లో పట్టుకొచ్చారు. ఆయన అక్కడ దళారి. కాయ కోసుకొచ్చిన రైతు ఒకవైపు, కొనే షావుకారు ఒకవైపు, ఇద్దరి మధ్య ఈయన నిలబడి, ఇటు తిట్టు అటు పోయేలోపల పొగడ్తగా మార్చేవాడట. సాయిబుల ఇంట పుట్టి మాకంటే మంచి తెలుగు మాట్లాడేవాడు. సన్నటి మనిషి. ఎంత సన్నం అంటే, కరెంటు స్తంభం పక్కన నిలబడితే స్తంభం సిగ్గుపడేది. గొంతు ఇంకా సన్నం. ఆ గొంతులో కోపం పెట్టడానికి చోటు లేదు.

ఆయన పని చేయడం నేను మొదట చూసింది తుఫాను షెల్టర్‌లో. గొట్టం కోసం పోసిన మట్టికట్ట అడ్డుపడి వాన నీళ్ళు మా కయ్యల్లోనే నిలబడిపోతున్నాయి. కంపెనీ సారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సారుదీ తెలుగే. ఆయనకు మూరెడు దూరంలో మా చిన్నాన్న. ఇద్దరి మధ్య పాయింటన్న.

చిన్నాన్న లేచాడు. "మీ గొట్టం తెచ్చి మా గుండె మీద పెట్టి పోయినారు. నీళ్ళు కదలడం లా. వొచ్చి ఆ కట్ట తీస్తారా, మేమే పారలెత్తుకోని తవ్వి పారేయమంటారా?"

పాయింటన్న సారు వైపు తిరిగాడు. "సార్, పెద్దాయన మీకు నమస్కారం చెప్తా ఉండారు. నీళ్ళు కొద్దిగా నిలబడతా ఉండాయంట."

సారు చిన్నాన్న వైపు చూడకుండా, పాయింటన్న చొక్కా గుండీలతో మాట్లాడాడు. "అది మా పనిలో లేదని చెప్పు. పార పట్టుకున్నవాడి మీద కేసు పెడతామని కూడా చెప్పు."

పాయింటన్న ఇటు తిరిగాడు. "సారుకి మీ బాధ అర్థమయింది పెద్దాయనా. పార మాత్రం కొద్దిగా జాగర్తగా వాడమంటా ఉండారు."

షెల్టర్‌లో ఉన్న అందరం రెండు మాటలూ విన్నాం. సారు కూడా విన్నాడు. చిన్నాన్నకు తల తిరిగింది. "ఏందబ్బయ్యా ఇది. సారు ఈడనే కూర్చోనుండాడు గదా. ఆయన చెవులకి ఏమొచ్చింది?"

"చెవులు బంగారం మాదిరి ఉండాయి పెద్దాయనా," అన్నాడు పాయింటన్న. "అయితే వాటికి దారి నా మీదుగా."

మొదట వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు షెల్టరంతా పాకింది. సారు కూడా మీసం కింద కొంచెం నవ్వు ఖర్చుపెట్టాడు. కొట్టుకోవడానికి వచ్చినవాళ్ళం నవ్వుకుంటూ ఇళ్ళకు పోయాం. నీళ్ళు మాత్రం కయ్యలోనే ఉండిపోయాయి. ఇంటికి పోయి కాళ్ళు కడుక్కునేటప్పుడు గానీ చిన్నాన్నకు ఆ సంగతి తట్టలేదు.

ఆయన దారి అది. అన్నిటినీ తగ్గించేవాడు. ఆయన నోట్లో పడితే తుఫాను చినుకయ్యేది, పాము వానపామయ్యేది. నా దారి దానికి ఎదురని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. వానపాము కనిపిస్తే నాకు పడగ కూడా కనిపిస్తుంది. అందుకేనేమో ఇద్దరికీ బాగా కలిసింది. వాకాడు వైపు వచ్చినప్పుడల్లా మా ఇంటి ముందు బండి ఆపి, టీ తాగి, "ఏదన్నా అబద్ధం చెప్పన్నా, నా నోరు చప్పబడిపోయింది" అని అడిగేవాడు.

ఆయన ఎడమ జేబు నిండా ఊక. వడ్ల ఊక. ఎక్కడ నిలబడ్డా మాట మొదలుపెట్టే ముందు చిటికెడు తీసి వదిలి, అది ఎటు పోతుందో చూసేవాడు. గట్టు మీద చూసేవాడు, బస్టాండులో చూసేవాడు, మా అన్న కూతురి పెళ్ళిలో ఫ్యాను కింద చూసేవాడు. ఆ ఊక పోయి పెళ్ళికొడుకు పాయసంలో పడింది.

"ఈడ గూడా గ్యాసుందా ఏంది?" అన్నాను.

"అలవాటన్నా. గాలి ఎటుందో తెలిస్తే ఎటు పరిగెత్తల్నో తెలుస్తుంది. గాలుంటే భయం సగమే. గాలి ఆగిన రోజు నాకు అన్నం సహించదు."

ఆ పెళ్ళికి ఆయన కంపెనీ హెల్మెట్ పెట్టుకునే వచ్చాడు. బిర్యానీ కూడా దాంతోనే తిన్నాడు. ఇంటికి పోయి కూడా తీయడని, తల దువ్వుకోవాలంటే కంపెనీ నుంచి అనుమతి రావాలని నేను నలుగురికి చెప్పాను. గొట్టం కింద ఉంటే నెత్తి మీద హెల్మెట్ దేనికని చిన్నాన్న ఆయన్నే అడిగాడు.

"దెబ్బ తగలకుండా కాదు పెద్దాయనా. ఏమన్నా అయితే ఏది మా తలకాయో కంపెనీ వాళ్ళు గుర్తుపట్టల్ల గదా." చెప్పి, ఎముక తీసి ఆకు పక్కన పెట్టి, ఇంకొంచెం పెరుగు చట్నీ వేయించుకున్నాడు.

గొట్టాన్ని పాయింటన్న ఏనాడూ గొట్టం అనలేదు. "ఆయన" అనేవాడు. మామగారి గురించి చెప్పినట్టు, గొంతు తగ్గించి. "ఆయన పండుకోనుండాడు. మీరు బోరు వేసేది ఇంకొంచెం అవతల వేసుకోండి." "ఆయనకి ఈ ఎండాకాలం బాగలేదు." వంటింటి సిలిండర్ గ్యాస్‌కు కలిపే వాసన ఈ పెద్ద గొట్టంలో పోయేదానికి కలపరని నాకు చెప్పింది కూడా ఆయనే. "వాసనుండేవాడు వొచ్చే ముందు చెప్పి వొస్తాడన్నా. ఈయనకి వాసన లేదు, రంగు లేదు. మన పక్కన కూర్చోని టీ తాగినా మనకి తెలీదు." ఆ రోజు టీ సగంలో వదిలేసి ఎందుకో నేను నా పక్కన ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూశాను.

ఫోను ఆయన మెడలో ఉండేది. వాన తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, నల్ల తాడుతో తాయెత్తులాగా కట్టుకున్నాడు. సముద్రం ఒడ్డున కంపెనీ టెర్మినల్ గేటు దగ్గర గేదె ఈనితే ఆ ఫోను మోగేది. లోపలికి నాగుపాము దూరితే కాపలావాడు ఆ ఫోనుకే చేసి, "మీ ఊళ్ళ వైపు నించి ఒకరు వొచ్చుండారు, తీసుకోని పొమ్మని చెప్పండి" అనేవాడు. కొన్నాళ్ళకు మాకు కంపెనీలో ఒక్క మనిషి పేరు కూడా గుర్తులేకుండా పోయింది. కంపెనీకి మా పేర్లు ముందు నుంచీ తెలియవు.

*

పోయినేడు మా చిన్నాన్న కయ్యలో మొదటిసారి బుడగలు లేచాయి. మా వైపు దాన్ని ఎవరూ పట్టించుకోరు. దమ్ము చేసిన బురద నాలుగు రోజులు బుడగలు వదలడం మామూలే, లేదంటే ఎండ్రకాయలు. ఎండ్రకాయలు బుడగలు వదిలితే పంట బాగా వస్తుందని కూడా మా పెద్దవాళ్ళు సంబరపడతారు. ఆ రోజు కూడా సంబరపడుతుంటే పాయింటన్న వచ్చాడు. బండి రోడ్డు మీదే ఆపి, తాళం తీసి, నడిచి వచ్చాడు. గట్టున నిలబడి చిటికెడు ఊక వదిలాడు. మాట్లాడకుండా నా చేయి పట్టుకుని గాలికి ఎదురుగా సరివి చెట్ల తోపు దాకా లాక్కుపోయాడు. ఫోను అక్కడ తీశాడు.

"సార్. మన లైన్ మీద కయ్యలో కొద్దిగా..."

ఆగాడు. ఫోను మీద అరచేయి కప్పాడు. ఆ హెల్మెట్ కింద ఆయన మొహం అంత తెల్లగా నేనెప్పుడూ చూడలేదు.

"అన్నా, ఇన్నేళ్ళూ వాళ్ళకి నేను అన్నీ తగ్గించే చెప్పినా. కొద్దిగా అంటే వాళ్ళు కుర్చీలోంచి లేవరు. పెద్ద మాట నా నోట్లో లేదు. నువ్వయితే ఎట్టా చెప్తావు?"

నా జీవితంలో నా విద్య ఒకరికి అవసరమైంది ఆ ఒక్కసారే.

"కయ్యంతా అన్నం కుండ మాదిరి కుతకుతా ఉడుకుతా ఉంది," అన్నాను.

"ఊఁ."

"మూత ఎగిరిపోయేటట్టుంది. బుడగ ఒక్కోటి బిందెంత. ఊరు ఊరంతా పిల్లల్ని సంకనేసుకోని రోడ్డు మీదికి పరిగెత్తతా ఉంది."

"నిదానంగా చెప్పన్నా."

నేను చెప్పిందాన్ని ఒక్క అక్షరం తగ్గించకుండా ఆయన ఫోనులో అప్పజెప్పాడు. అదీ ఎట్లా, హోటల్లో రెండు టీలు చెప్పినంత మెల్లగా. అవతల కుర్చీ జరిగిన చప్పుడయింది. తర్వాత ఎవరో ఎవరి మీదో కేకలేయడం వినిపించింది. వాల్వు మూశారు.

తవ్వి చూస్తే గొట్టానికి బెజ్జం అగ్గిపుల్ల తలంత ఉంది. "ఇంతదానికి అన్నం కుండ అన్నావా?" అని సారు ఆయనకు మెమో ఇచ్చాడు. బెజ్జం ఇంకా పెద్దదిగా ఉండాల్సిందని సారు బాధ కాబోలు.

మెమో అందుకున్న రోజు పాయింటన్న మా ఇంటికి వచ్చాడు. టీ అడగలేదు, అబద్ధం అడగలేదు.

"బోర్డు మీద రెండో నంబరు రాయమని అడిగినానన్నా. కంట్రోల్ రూమ్‌దో, ఎవరిదో ఒకరిది. సింగిల్ అంటే సింగిలే అన్నారు. నాకేమన్నా అయితే ఎట్టా సార్ అన్నా. నీకేం కాదయ్యా అన్నారు."

"ఆ మాట రాసిమ్మనకపోయినావా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అందరూ నన్ను మంచోడంటారన్నా. నేను మంచోణ్ణీ గాదు, చెడ్డోణ్ణీ గాదు. ఒక తలుపుని. ఉన్న తలుపులన్నీ మూసి నన్నొక్కణ్ణి తెరిచిపెట్టుకున్నారు రెండు పక్కలా. నాకు గొళ్ళెం పడిందనుకో, లోపలోళ్ళకీ తెలీదు, బయటోళ్ళకీ తెలీదు."

పోతూ పోతూ మా వాకిట్లో చిటికెడు ఊక వదిలాడు. అది ఎటూ పోకుండా ఆయన చెప్పుల దగ్గరే పడింది. దాని వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను ఆయన్ని చూడడం అదే ఆఖరు.

*

ఇక పోయిన వారం సంగతి. ఫోనులో ఆయన భార్య. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోందని చెప్పాను.

"ఎన్ని బుడగలు?"

"వరసగా లేస్తా ఉండాయక్కా. కయ్యంతా..." అన్నం కుండ నాలుక చివరిదాకా వచ్చింది.

ఆమె పట్టేసింది. "మీరేనా అన్నం కుండ?"

"నేనే."

"ఈసారి ఉండేది ఉండేటట్టే చెప్పండి. నేను వాళ్ళకి అదే చెప్తా. దగ్గర్లో ఇంజన్లేమన్నా ఉండాయా?"

అప్పటికి మస్తానయ్య ట్రాక్టర్ ఎక్కి కూర్చున్నాడు. తాళం చేతిలో ఉంది.

"మస్తానయ్యా, తిప్పొద్దు."

"బుడగలకి భయపడితే సేద్యం జేసినట్టేలేన్నా. ఎండ్రకాయలు అయ్యి."

"తిప్పొద్దు. దిగు."

అతను నా మొహంలోకి చూశాడు. పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాణ్ణి, ఒక మాట చెప్పడానికి పది మాటలు వాడేవాణ్ణి, రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాను. నేనింకా ఏమైనా చేరుస్తానేమోనని చూశాడు. చేర్చలేదు. తాళం జేబులో వేసుకుని, చక్రం మీద కాలు పెట్టి, పాలు తొణకకుండా దిగే మనిషిలాగా దిగాడు. ఇద్దరం గాలికి ఎదురుగా సరివి తోపు దాకా నడిచాం. అక్కడ నిలబడ్డాక మస్తానయ్య జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు.

కంట్రోల్ రూమ్ వాళ్ళు ఆ ఒక్క నంబరు నుంచి వస్తేనే ఫిర్యాదు తీసుకుంటారు. ఆమె ఆ ఫోను నుంచే చేసింది. మనుషులొచ్చారు, వాల్వు మూశారు, కయ్యలో ఎర్ర జెండాలు పాతారు. బుడగలు ఒకటొకటిగా తగ్గిపోయాయి. ఎవరు ఫోన్ చేశారని వాళ్ళు నన్ను అడగలేదు. వాళ్ళ లెక్కలో పాయింటు చేశాడు, అంతే.

*

నిన్న గూడూరు పోయాను. ఇల్లు నిమ్మకాయల మార్కెట్ వెనక సందులో. వీధి తలుపు తెరిచే ఉంది, తలుపుకు ఆకుపచ్చ తెర. వసారాలో నాకు కుర్చీ వేసి ఉంది. ఆమె తెర వెనక నుంచి మాట్లాడింది. ఆమె ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు, పరాయి మగవాళ్ళ ఎదుటికి రాకూడదు.

ఆయన పోయింది గూడూరు స్టేషన్‌లో. బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే. మెడలో ఫోను మోగుతూనే ఉందట. పక్కన కూర్చున్నవాళ్ళు విసుక్కుని, "ఏం సామీ, ఫోనెత్తవే?" అని భుజం తట్టాక తెలిసింది.

"మాకెవరూ చెప్పలేదక్కా," అన్నాను. అన్న తర్వాత తట్టింది. ఆయన పోయాడని మా ఊళ్ళకు చెప్పాల్సిన మనిషి ఆయనే.

"మయ్యత్తు ఇంకా ఇంట్లో నించి ఎత్తకముందే రెండు ఫోన్లొచ్చినాయి," అంది ఆమె. "ఎత్తకపోతే ఆయన లేచి కూర్చుంటాడేమో అనిపించింది. ఎత్తినా. ఈ ఇద్దత్‌లో ఫోన్ మాట్లాడొచ్చునా అని మసీదు పెద్దాయన్ని అడిగినా. ప్రాణం మీదికొచ్చే అవసరానికి మాట్లాడొచ్చు అన్నాడు. దీనికి ఇంకో రకం ఫోనే రాదు గదా అని చెప్పినా."

"కంపెనీ వాళ్ళు రాలేదా?"

"ఎందుకు రాలేదు. సిమ్ము వాళ్ళదంట. తీసుకోని పోయి ఆపేస్తారంట. కొత్త మనిషి వొచ్చినాక ఆ మనిషికి కొత్త నంబరంట. వొచ్చినాడా అంటే ఇంకా లేదు. బోర్డులు మార్చినారా అంటే కొత్త నంబరు లేకుండా ఎట్టా మారస్తాం అంటారు." తెర వెనక చిన్న నవ్వు వినిపించింది. "ఇద్దత్‌లో ఉండా, మీ ఎదటికి వొచ్చి ఫోన్ ఇయ్యకూడదు అని చెప్పినా. పాపం, మంచోళ్ళే. మీరు కూర్చోనుండే కాడనే కూర్చోని, టీ తాగి, ఇద్దత్ అయినాక వొస్తామని పోయినారు."

ఇంత పొడవు గొట్టం, అన్ని ఊళ్ళు, ఫ్యాక్టరీలు. వీటన్నిటి మీదా ఇప్పుడు కాపలా ఉన్నది ఒక ఆకుపచ్చ తెర. జోకు వేద్దామని నోరు తెరిచాను. రాలేదు.

"ఎప్పటికయిపోతుందక్కా?"

"అయిపోవొస్తా ఉంది."

సాయంత్రపు అసర్ అజాన్ వినిపించింది. నమాజు చేసుకుని వచ్చి టీ పెడతాను, కూర్చోమని చెప్పి ఆమె లోపలికి వెళ్ళింది. కిటికీ గూట్లో, తెర అంచుకు ఆనుకుని, ఛార్జింగ్ పెట్టిన ఫోను కనిపిస్తోంది. అదే ప్లాస్టిక్ కవరు, అదే నల్ల తాడు. కవరు అడుగున కొద్దిగా ఊక ఇంకా అంటుకుని ఉంది.

అది మోగింది.

లోపల ఆమె నమాజులో ఉంది. మోగి మోగి ఆగింది. సందులో నిమ్మకాయల బండి ఒకటి పోయింది. మళ్ళీ మోగింది. నేను కుర్చీలోంచి లేచి, తెర పక్క నుంచి చేయి పెట్టి, వైరు పీకి ఎత్తాను.

"పాయింటన్నా?" మగ గొంతు, వయసు తెలియడం లేదు, పరిగెత్తి వచ్చినట్టు రొప్పుతోంది. వెనక మేకల అరుపులు.

ఆయన లేడని చెబుదామనుకున్నాను. చెబితే పెట్టేస్తాడు. పెట్టేసి బోర్డు వైపు చూస్తాడు. బోర్డు మీద ఉన్న నంబరుకు మళ్ళీ చేస్తాడు.

"ఆఁ," అన్నాను. "చెప్పబ్బయ్యా. ముందు గాలి ఎటు కొడతా ఉందో చెప్పు."

అవతల రొప్పు కొంచెం తగ్గింది. చుట్టూ చూసుకుంటున్నట్టున్నాడు.

"గాలా? గాలి లేదన్నా. సరివాకు గూడా కదలడం లా."